ఆ మెలికల మొక్క పేరేమిటి?

పెరటి ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు గాలి మొక్కల గురించే. ముగ్గురూ అడిగింది ఒకటే: దీని పేరేమిటి? మొదటి ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను. అది చదివితే తక్కిన రెండూ సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. సంక్రాంతి ముందు కడియం వైపు వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో మట్టీ కుండీ లేకుండా వేలాడదీసిన మొక్క ఒకటి కొన్నాను. అట్ట ముక్క మీద 'ఎయిర్ ప్లాంట్' అని తప్ప ఇంకేమీ లేదు. జానెడు పొడవుంది. అడుగుభాగం గడ్డలా ఉబ్బి, పైన ఆకులు తలో దిక్కుకీ మెలికలు తిరిగి ఉన్నాయి. ఫోన్‌లో మొక్కలు గుర్తుపట్టే యాప్‌కి ఫోటో చూపిస్తే ఒకసారి కాపుట్ మెడూసే అంది, మరోసారి బల్బోసా అంది, మూడోసారి ఇంకేదో పేరు చెప్పింది. మా పక్కింటి పెద్దమ్మగారు "అది బదనికే, మామిడి కొమ్మకు కడితే చెట్టు ఎండిపోతుంది" అంటున్నారు. అసలు ఇదేం మొక్క? మామిడికి కట్టవచ్చా? పేరు తెలియకపోతే పెంచలేమా? రెండు ఫోటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మామిడి సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఉత్తరంలో భయం కనిపించింది అక్కడే.

పెద్దమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. పాత మామిడి తోటల్లో బదనిక చేసే నష్టం ఆవిడ చూసే ఉంటారు. చిన్న పిట్టలు దాని పండు తిని, జిగురు గింజను మరో కొమ్మ మీద వదులుతాయి. గింజ అక్కడే మొలిచి, బెరడు చీల్చుకుని లోపలికి పీల్చే వేరును దించి, మామిడి తనకోసం పైకి తెచ్చుకున్న నీటినీ లవణాలనూ లాక్కుంటుంది. మీ మొక్కకు అలాంటి అవయవమే లేదు. దాని వేళ్ళు కొమ్మను పట్టుకుని నిలబడడానికే. బెరడు పైపైన అంటుకుంటాయి గానీ లోపలికి దిగవు. దీని దగ్గరి బంధువు, రికర్వాటా అనే మరో గాలి మొక్క, అమెరికాలో కరెంటు తీగల మీద కూడా గుత్తులు గుత్తులుగా బతుకుతుంది. తీగలోంచి పీల్చుకోవడానికి ఏముంది చెప్పండి! మన మామిడి కొమ్మల మీద సొంతంగా పెరిగే వాండా ఆర్కిడ్‌ని కూడా చాలామంది బదనికే అనుకుని పీకి పారేస్తారు. చెట్టుకు ఏ కీడూ చేయని అంత చక్కటి పూలమొక్క అలా పోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. పెద్దమ్మగారికి ఆ సంగతి కూడా చెప్పండి.

అయినా మామిడికి కట్టవద్దనే అంటాను. ఇక్కడ ప్రమాదం మామిడికి లేదు, మీ మొక్కకే ఉంది. ఆకుమచ్చ తెగులు వస్తే మామిడి మీద బోర్డో మిశ్రమమో కాపర్ ఆక్సీక్లోరైడో కొడతాం. రెండింటిలోనూ రాగి ఉంది. ఈ కుటుంబపు మొక్కలకు రాగి విషం. ఆకుల మీద పడ్డ ప్రతి చుక్కనూ తాగడం వీటి స్వభావం కాబట్టి మందును కూడా తాగేస్తాయి. ఎక్కడ కట్టినా రాగి తీగ మాత్రం వాడకండి. చేపలు పట్టే నైలాన్ దారమో, నూలు తాడో చాలు. మీ ఇంట్లో సపోటా ఉంటే దాని కొమ్మో, తూర్పు వరండాలో ఒక కర్ర ముక్కో మామిడి కంటే మేలు.

ఇక పేరు. ఇది టిలాండ్సియా ప్రజాతి మొక్క. అంతవరకు సందేహం అక్కర్లేదు. అనాస కుటుంబం. లిన్నేయస్ 1753లో వర్ణించిన ఈ ప్రజాతిలో ఇప్పుడు 600కు పైగా జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాలవే, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి మెక్సికో, మధ్య అమెరికా మీదుగా అర్జెంటీనా, చిలీ దాకా. మన అడవుల్లో వీటికి తోబుట్టువులు లేరు. అందుకని మారేడుమిల్లి మొక్కల పుస్తకమో, తూర్పు కనుమల వృక్షసంపద పుస్తకమో తిరగేసి లాభం లేదు. కడియానికి వచ్చేవి ఎక్కడో నర్సరీల్లో పెంచినవే గనుక, "ఏ అడవిలో దొరికింది" అన్న ఆధారం కూడా మనకు ఉండదు. వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తింపు పని ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాడు. మనకు మిగిలింది మొక్క ఒక్కటే.

కాని ఆ మొక్క చాలా చెబుతోంది. మీ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదానిలో మొక్క వెండి బూడిద రంగులో ఉంది. రెండోదానిలో ముదురు ఆకుపచ్చగా, నున్నగా ఉంది. ఆకు చివర నీటిబొట్టు కూడా కనబడుతోంది. నీళ్ళు చల్లిన వెంటనే తీశారు కదా? యాప్ రెండు పేర్లు చెప్పడానికి కారణం అదే. పొడిగా ఉన్న మొక్కను చూసి ఒక పేరు చెప్పింది, తడిగా ఉన్న అదే మొక్కను చూసి ఇంకో పేరు చెప్పింది.

ఈ రంగు మార్పు దగ్గర కాస్త ఆగుదాం. మీ మొక్క జీవితమంతా దీనిలోనే ఉంది. ఆకు మీద కనబడే బూడిద పూత దుమ్ము కాదు, తుడవకండి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న పొలుసులు వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్క పొలుసూ ఆకులోకి దిగిన చిన్న కాడ మీద నిలబడి ఉంటుంది. పైభాగం మృతకణాలతో చేసినది. ఎండినప్పుడు ఆ కణాలు ఖాళీగా ఉంటాయి, పొలుసు అంచులు పైకి లేస్తాయి, వెలుతురును వెనక్కి కొడతాయి. అందుకే మనకు తెల్లగా కనబడుతుంది. నీళ్ళు పడగానే కణాలు నిండి, అంచులు ఆకుకు అంటుకుపోతాయి. నీరు కాడలోని సజీవ కణాల గుండా ఆకులోకి చేరుతుంది. నిండిన పొలుసు పారదర్శకం కాబట్టి కింద ఉన్న ఆకుపచ్చ బయటపడుతుంది. మొక్క ఆరిపోతే మళ్ళీ వెండి రంగు. వేరు చేయాల్సిన పనిని ఈ పొలుసు చేస్తోంది. క్లాసులో పిల్లలకు ఇది చూపించినప్పుడల్లా గది నిశ్శబ్దమైపోయేది. ఎన్నేళ్ళు చూపించినా నాకూ కొత్తగానే ఉండేది.

కాబట్టి గుర్తుపట్టడానికి మొక్కను ఎప్పుడూ పొడిగా ఉన్నప్పుడే చూడాలి. మీ మొక్క పొడిగా ఉన్నప్పుడు ఆకు మొదలు నుంచి చివర దాకా ఒకే తీరుగా పొలుసుంది. దీనితో బల్బోసా పోటీలోంచి తప్పుకుంటుంది. బల్బోసాకూ గడ్డ ఉంటుంది, మెలికలు ఉంటాయి. కాని దాని పొలుసులు బాగా సన్నగా ఆకుకు అతుక్కుని ఉండడం వల్ల పొడిగా ఉన్నా అది ఆకుపచ్చగా, నున్నగానే కనబడుతుంది. గడ్డ మీది ఆకు మొదళ్ళ అంచులకు తరచు ఊదా గీత ఉంటుంది. ఆకు గుండ్రంగా చుట్టుకుపోయి సన్న గొట్టంలా ఉంటుంది. మీ ఆకు మొదట్లో వెడల్పుగా, పైన కాలువలా తెరుచుకుని, చివరికి పోయేకొద్దీ సన్నబడింది.

మూడోసారి యాప్ చెప్పిన పేరు మీరు రాయలేదు. సూడోబెయిలియై అయి ఉండవచ్చు. గడ్డ ఉన్న మొక్కల్లో నర్సరీలకు ఎక్కువగా వచ్చే మరో జాతి అదే. దాని ఆకులు తీగలా బిరుసుగా ఉంటాయి, నిలువునా ఊదా ఛాయ గీతలు స్పష్టంగా కనబడతాయి. మీ ఫోటోలో అటువంటి గీతలేవీ లేవు. బుట్జియై అయితే గడ్డ మీద ముదురు మచ్చలు ఉండాలి, చల్లటి కొండ ప్రాంతపు మొక్క కాబట్టి రాజమహేంద్రవరం మే నెలను అది తట్టుకోవడం కష్టం. సెలేరియానా గడ్డ ఇంకా లావు, నూగు ఇంకా దట్టం, ముట్టుకుంటే మెత్తగా తగులుతుంది. స్ట్రెప్టోఫిల్లా ఆకులు వెడల్పు. నీళ్ళు తగ్గేకొద్దీ బిగుసుకుని చుట్టలు తిరుగుతాయి, నీళ్ళు తాగాక మళ్ళీ సాగుతాయి. మీ మొక్క ఆకుల మెలికలు రెండు ఫోటోల్లోనూ ఒకేలా ఉన్నాయి గనుక అదీ కాదు.

మిగిలింది కాపుట్ మెడూసే. మెక్సికో, మధ్య అమెరికాల్లో పెరిగే ఈ జాతి నర్సరీ వ్యాపారంలో చాలా మామూలు. గట్టిది, పిలకలు తేలిగ్గా పెడుతుంది. మీ మొక్కది ఆ జాతే అని నా అంచనా.

అంచనా అని ఎందుకు అంటున్నానంటే, ఇప్పటిదాకా నేను చూసిందంతా ఆకే. ఆకు మారుతుంది. అదే మొక్కను ఎక్కువ వెలుతురులో పెంచితే పొట్టిగా, తెల్లగా, ఎర్రటి ఛాయతో వస్తుంది. నీడలో పెంచితే పొడవుగా సాగి పచ్చబడుతుంది. పిల్ల మొక్క పోలిక పెద్ద మొక్కకు ఉండదు. పైగా నర్సరీల వాళ్ళు ఒక జాతి పుప్పొడిని ఇంకో జాతి కీలాగ్రం మీద వేసి వందల సంకరాలు తయారుచేశారు. అనాస కుటుంబపు మొక్కల కోసం అమెరికాలో 1950లో ఏర్పడ్డ బ్రొమెలియాడ్ సొసైటీ ఇంటర్నేషనల్ వారు అటువంటి పెంపుడు రకాలకు నమోదు పట్టిక ఒకటి నడుపుతారు. అందులోకి ఎక్కని సంకరాలూ సంతలో తిరుగుతుంటాయి. కాపుట్ మెడూసే తల్లిగా ఉన్న సంకరం దాదాపు తల్లిలాగే కనబడవచ్చు. ఇంటర్నెట్‌లో అమ్మకందార్లు తమకు తోచిన పేర్లతో పెట్టిన ఫోటోలు కోకొల్లలు, యాప్‌లు పాఠం నేర్చుకునేది అటువంటి ఫోటోల నుంచే. కాబట్టి యాప్ చెప్పిన పేరును మీ వెతుకులాటకు మొదటి మెట్టుగా వాడుకోండి, చివరి మెట్టుగా కాదు.

అసలు సాక్షి పువ్వు. ఈ కుటుంబం మీద 1977లో లైమన్ స్మిత్, రాబర్ట్ జాక్ డౌన్స్ ప్రచురించిన పెద్ద గ్రంథంలో జాతులను విడదీసే ప్రశ్నలు ఎక్కువగా పువ్వు చుట్టూనే ఉంటాయి. మీ మొక్క పూతకు వచ్చినప్పుడు (మధ్యలోంచి ఎర్రటి కాడ లేస్తుంది) ఇవి చూడండి. కాడ ఒంటరిగా ఉందా, కొమ్మలుగా చీలిందా? పువ్వు కింద ఉండే రంగు పుచ్ఛాలకు వీపున గట్టు ఉందా, వాటి మీద పొలుసులున్నాయా, నున్నగా ఉన్నాయా? పుచ్ఛం పొడవు ఎక్కువా, దాని లోపలి రక్షక పత్రం పొడవు ఎక్కువా? రక్షక పత్రాలు మూడూ విడివిడిగా ఉన్నాయా, వెనక రెండూ అతుక్కున్నాయా? ఊదా రంగు ఆకర్షణ పత్రాల గొట్టంలోంచి కేసరాలు, కీలం బయటికి పొడుచుకువచ్చాయా, లోపలే ఉండిపోయాయా? ఒక్క పువ్వును త్యాగం చేసి బ్లేడుతో నిలువునా కోయండి. మనసొప్పకపోయినా సరే, ఒక్కటే. ఆ కోసిన పువ్వును స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. మొక్క ఫోటోలు కూడా పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, గడ్డ దగ్గరగా ఒకటి, అన్నీ పొడిగా ఉన్నప్పుడు, నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా.

అప్పటిదాకా చీటీ మీద ఏం రాయాలి? "టిలాండ్సియా, కాపుట్ మెడూసే పోలిక, కడియం" అని, కొన్న నెలా సంవత్సరమూ రాసి కట్టండి. తెలిసినంతే రాయాలి. ఈ మాట మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. పేరు లేని మొక్క వల్ల ఎవరికీ నష్టం లేదు. దాన్ని ఎవరైనా రేపు సరిగ్గా గుర్తుపట్టవచ్చు. ఊహించి ఖాయంగా రాసిన పేరు మాత్రం పిలకలతో పాటు నలుగురి ఇళ్ళకూ వెళుతుంది. మీ చెల్లెలికి ఒక పిలక ఇస్తారు, ఆవిడ ఫోటో తీసి ఆ పేరుతోనే పెడుతుంది, తరువాత మీలాంటి ఇంకొకరికి యాప్ ఆ పేరే చెబుతుంది.

పెంపకానికి మాత్రం పేరు అక్కర్లేదమ్మా. ఆకు చూస్తే చాలు. ఈ ప్రజాతిలో బూడిద రంగువి మెరుగైన వెలుతురు, త్వరగా ఆరడం కోరుకుంటాయి. పచ్చగా నున్నగా ఉన్నవి కాస్త నీడ, ఎక్కువ తేమ కోరుకుంటాయి. మీది బూడిద రంగుది కాబట్టి ఉదయపు ఎండ తగిలే చోట వేలాడదీయండి, మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. రోహిణి కార్తెలో గాలి ఆడే నీడలోకి మార్చండి. గాలి మాత్రమే తాగి బతుకుతుందని నమ్మి చాలామంది దీన్ని ఎండబెట్టి చంపుతారు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు బాగా తడపాలి. ఏసీ గదిలో పెడితే ఇంకా త్వరగా ఆరిపోతుంది.

తడపడం ఉదయమే. దీనికో కారణముంది. అనాసలాగే ఈ మొక్క కూడా పత్రరంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. పగటి వేడికి నీరు ఆవిరైపోకుండా ఆ ఏర్పాటు. రాత్రి లోపలికి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు వెలుతురులో వాడుకుంటుంది. సాయంత్రం తడిపితే పొలుసుల మీద నీటిపొర నిలిచి ఆ రాత్రంతా దానికి ఊపిరాడదు.

గడ్డ విషయంలో ఇంకో జాగ్రత్త. అది నిజమైన గడ్డ కాదు, ఒకదాన్నొకటి కప్పుకున్న వెడల్పాటి ఆకు మొదళ్ళు. వాటి మధ్య ఖాళీ గదులుంటాయి. సొంత అడవుల్లో వాటిలో చీమలు కాపురముంటాయి, అవి వదిలిన వ్యర్థం మొక్కకు ఎరువవుతుంది. మన ఇళ్ళలో ఆ గదుల్లో నీరు నిలిచిపోతే మధ్యభాగం కుళ్ళి ఆకులు చేతికి ఊడివస్తాయి. తడిపిన తరువాత తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించండి. అడ్డంగానో తలకిందులుగానో కట్టినా దానికి అభ్యంతరం లేదు. వానాకాలంలో అలా కట్టడమే మంచిది.

నీళ్ళ మాట ఆఖరున. బోరు నీళ్ళలో ఉప్పదనం ఉంటే పొలుసుల మీద తెల్లటి సున్నం పేరుకుని నోళ్ళు మూసేస్తుంది. ఆ తెలుపును చూసి మొక్క ఆరోగ్యంగా వెండి రంగులో ఉందని మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. తేడా తెలుసుకోవడం సులువు: తడిపితే పొలుసు తెలుపు మాయమవుతుంది, సున్నం తెలుపు అలాగే ఉంటుంది. వాన నీళ్ళు పట్టి ఉంచుకోండి. లేకపోతే గోదావరి కుళాయి నీళ్ళు ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో ఉన్నాను. మొన్న గాలివానకు పెరట్లోని ఓక్ చెట్టు కొమ్మ విరిగిపడింది. దానిమీద అనాస మొక్కను పోలినది ఒకటి ఉంది, వెడల్పు రెండడుగుల పైనే. అదే చెట్టుకు బూడిద రంగు పోగులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇవేమిటి? తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మీరున్నది వీటి పుట్టింట్లో. వేలాడే పోగులు టిలాండ్సియా అస్నియాయిడీస్. మన నర్సరీల్లో స్పానిష్ మాస్ పేరుతో అమ్ముతున్నది ఇదే. నాచు కాదు, పూలు పూసే మొక్కే. ఎదిగిన మొక్కకు వేళ్ళుండవు. రాత్రిపూట సన్నటి సువాసన వస్తే దగ్గరికెళ్ళి చూడండి, ఆకుపచ్చటి చిన్న పూలు కనబడతాయి.

పెద్దదానికి రెండు పేర్లు మనసులో పెట్టుకోండి. ఆకులు బిరుసుగా నిటారుగా ఉండి, పక్కనే పిలకలు గుంపుగా ఉంటే ఫాసిక్యులాటా. దాని పూలకాడ పుచ్ఛాలు ఎరుపు, పసుపు కలిసి ఉంటాయి, పువ్వు ఊదా. ఒంటిగా, ఆకులు కాస్త మెత్తగా, చివర్లు కిందికి వంగి, మధ్యలో నీళ్ళు నిలిచి ఉంటే యూట్రిక్యులాటా. అది ఫ్లోరిడాలో సాధారణంగా పిలకలు పెట్టదు. ఏళ్ళ తరబడి ఎదిగి, మనిషి ఎత్తు దాటగల పూలకాడ ఒకటి వేసి, గింజలు గాలికి వదిలి చనిపోతుంది. మీరు చెప్పిన వెడల్పు రెంటికీ సరిపోతుంది. పిలకలున్నాయా లేవా అన్నది చూసి మీరే తేల్చుకోగలరు.

తెచ్చుకోవడం మాత్రం వద్దు. రెండు జాతులూ ఫ్లోరిడా రాష్ట్రం అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించిన జాబితాలో ఉన్నాయి. మెటమేసియస్ కల్లిజోనా అనే ముక్కుపురుగు మెక్సికో నుంచి దిగుమతైన మొక్కల వెంట వచ్చి 1989లో అక్కడ బయటపడింది. దాని పిల్లపురుగు మొక్క మొదట్లోకి తొలుచుకుపోయి తినేస్తుంది. గింజ ఒక్కటే దిక్కయిన యూట్రిక్యులాటాకు ఆ దెబ్బ మరీ గట్టిగా తగిలింది, పూయకముందే చచ్చిపోతుంటే గింజ ఎక్కడినుంచి వస్తుంది? ఒక మొక్క వెంట వచ్చిన పురుగు చేసిన పని అది. మన దేశంలోకి కూడా దిగుమతి అనుమతి పత్రం, అవతలి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా సజీవ మొక్కను తేకూడదని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. సూట్‌కేసులో చుట్టి తెచ్చే పని చేయకండి.

మీరు చేయగల మంచి పని వేరే ఉంది. ఆ మొక్కను నేల మీద వదిలేస్తే కుళ్ళిపోతుంది. మొక్క మొదలు దగ్గర రంధ్రాలు, జిగురు లేవని చూసుకుని, అబ్బాయి చేత అదే పెరట్లో ఇంకో కొమ్మకు నైలాన్ తాడుతో కట్టించండి. పూలకాడ వేస్తే గింజలు ఆ వీధి అంతా వెళతాయి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ కిటికీలో బొటనవేలంత గాలి మొక్క ఉంది. వారం నుంచి మధ్య ఆకులు ఎర్రబడుతున్నాయి. తెగులా? ఏ జాతి?
— ఒక విద్యార్థిని

జవాబు: తెగులు కాదమ్మా, పూతకు వస్తోంది. అంత చిన్నగా, ఆకులు పొట్టిగా బిగుతుగా ఉండి, లోపలి ఆకులే ఎర్రబడుతుంటే టిలాండ్సియా అయొనాంథా అయి ఉండాలి. నాలుగైదు రోజుల్లో మధ్యలోంచి సన్నటి ఊదా గొట్టాలు లేచి, చివర పసుపు పుప్పొడి తిత్తులు బయటికి కనబడితే నా మాట నిలబడినట్టే. ఒకవేళ ఆకులు మెత్తగా, వేళ్ళంత పొడవుగా ఉండి మొక్క మొత్తం ఎర్రబడితే బ్రాకీకాలోస్ వైపు చూడు. దాని పూలు కూడా ఆకుల నడుమే ఒదిగి ఉంటాయి. పూలగుత్తి పొట్టికాడ మీద పైకి లేచి ఉంటే కాపిటాటా. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకు. అయొనాంథాలోనే డ్రూయిడ్ అనే రకం ఉంది, అది పూతకు ముందు పసుపు రంగుకు తిరిగి తెల్లటి పూలు పూస్తుంది.

ఒకసారి పూసిన మొక్క మళ్ళీ పూయదు. పూత అయ్యాక మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి, తల్లి నెలల తరబడి వాటిని పోషిస్తూ మెల్లగా ఎండిపోతుంది. పిలక తల్లిలో సగం అయ్యేదాకా విడదీయకు. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు కిటికీ మూసిన గదిలో వదిలి వెళ్ళకు, పక్క గది అమ్మాయికి అప్పజెప్పు. పువ్వు ఫోటో తీసి పంపు, స్కేలు పక్కన పెట్టడం మరచిపోకు.